తీసెయ్యమన్న మొహం

నొక్కినప్పుడు తీయదు, జరంత ఆలోచన చేసి తీస్తది, గదీ దీంతోని వచ్చిన అసలు తిప్పలు, అనుకున్నది హుసేన్‌బీ, గద్వాల బస్టాండుల వనపర్తి బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిచ్చుకొని, చేతిసంచి ఒళ్లె పెట్టుకొని, సంచిల ఉన్న కెమెరాను పైకెళ్లే తడుముకుంట. సబ్బు బిళ్లంత ఉంటది. ఆమె మొగుడు హమీద్ సాబ్ అయితె ఇన్నొద్దులల్ల దాన్ని కెమెరా అననే అనలేదు, నీ సబ్బుబిళ్ల అనే అంటడు. పెండ్లిండ్ల ఫోటోలు తీసి తీసి మెడ మీద పట్టీ మచ్చ పడ్డ మనిషాయె. ఆయన కెమెరా నొక్కితె టపుక్కుమనేది, ఆ చప్పుడుకే పెండ్లికొడుకు ఊపిరి బిగవట్టెటోడు. దీనికి చప్పుడు లేదు, బరువు లేదు, ఒక మర్యాద లేదు. నొక్కుతవు, ఎర్ర దీపం మిణుకుమంటది, లోపల ఏందో గుర్రుమంటది, ఇగ దానికి మనసైతె తీస్తది. అంతల మనిషి తల తిప్పుతది, నవ్వు ఆగుతది, పిల్లలు లేచి ఉరుకుతరు. "నువ్వు నొక్కేదొకటి, అది తీసేదొకటి. నువ్వు ఫోటో తీస్తలేవు హుసేనా, ఫోటో అయిపోయినంక మిగిలింది ఏరుకొస్తున్నవు" అన్నడు ఆయన ఒకనాడు అన్నం తినుకుంట. మాటలల్ల ఆయనను గెలిచెటోడు గద్వాలల ఇంక పుట్టలేదు.

మోకాళ్లు గుంజుతున్నయి. ఈ ఎండకాలం పెండ్లిళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డయి, ఇల్లు చేరి బుర్ఖా తీసి మొలకు తగిలిచ్చుడు, మల్ల తెల్లారి తొడుక్కునుడు, ఇదే బతుకైంది. నిద్ర చాలక కండ్ల కింద మంట. డ్రైవరు ఇంక ఎక్కలేదు, ఆగిన బస్సుల గాలి లేదు, ముంగటి సీటు మీద చెయ్యి పెడితె చురుక్కుమంటున్నది. ఇయ్యాల పెండ్లికైనా పోతలేదాయె. ఆదివారం వనపర్తిల ఫరా పెండ్లి ఫోటోలు తీసి వచ్చింది, బుధవారం పొద్దుగాల ఫరా వాళ్ల నాయనమ్మ, దాదీ రసూల్‌బీ, పోయింది. నిద్రలనే పోయిందట, ఎవ్వరినీ సతాయించకుంట. మూడోనాడు పోయినోళ్ల పేరు మీద ఖురాన్ చదివి జియారత్ చేస్తరు కద, అది ఇయ్యాల. పొద్దున హమీద్ సాబ్ ఫోన్ మోగితె తనే ఎత్తింది, అటు దిక్కు ఫరా. అత్తగారింటి నుంచి వచ్చి ఏడ్చి ఏడ్చి పిల్లకు గొంతే లేదు. "ఖాలా, నన్ను సాగనంపేటప్పుడు దాదీ నా మొహం పట్టుకుంటె మీరు ఫోటో తీసిండ్రు కద, అది ఉన్నది కద? దాదీది అదొక్కటే ఖాలా. మా ఇంట్ల ఇంకొక్కటి లేదు." హుసేన్‌బీ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నది. లేదు బిడ్డా, మీ దాదీనే తీసెయ్యమన్నది, ఆమె కండ్ల ముంగటనే తీసేసిన. ఇంతే చెప్పాల్సింది. చెప్పబుద్ధి కాలేదు. వస్తున్న బిడ్డా, అన్నది. వచ్చి ఏం చేస్తదో ఆమెకే తెల్వదు.

అక్కడితోని అయిపోతె బాగుండు, మొహం మీదనే చెప్పి, ఆ పిల్ల ఏడుస్తె తను కూడ ఇంత ఏడ్చి, ఖజూరు నోట్లె ఏసుకొని తిరిగి వచ్చేది. పావుగంటకు మల్ల మోగింది ఫోన్. ఈసారి ఫరా అన్న ఉవైస్. వనపర్తి బస్టాండు ముంగట కంప్యూటర్ల దుకాణం ఆయనది. "ఖాలా, దాదీ తీసెయ్యమన్నదట కద, అమ్మకు దాదీనే చెప్పిందట. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. తీసేసిన ఫోటో పోదు. నేను బయటికి తీస్త." పోదంటె ఏంది అన్నది హుసేన్‌బీ. ఉవైస్ ఓపికగ చెప్పిండు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఇంటి మీది బోర్డు తీసేసిండ్రు అనుకోండ్రి, లోపలి మనిషి ఇంక ఖాళీ చెయ్యలేదు. బయటికెళ్లి చూస్తె ఇల్లు ఖాళీ లెక్కనే కనవడ్తది. వేరేటోళ్లు కిరాయికి దిగేదాంక ఆడనే ఉంటడు. మీరు కొత్త ఫోటో తీస్తె అది పోయి ఆ ఇంట్ల దిగుతది, గప్పుడు పాతది నిజంగ పోతది. అందుకనే ఖాలా, ఒక్కటే మాట, కెమెరా లోపలి ఆ కార్డుల ఇంకొక్క ఫోటో కూడ తీయకుండ్రి." ఫోన్ పెట్టినంక హుసేన్‌బీ అట్లనే గడప మీద కూసున్నది. పాలు పొంగి పొయ్యి మీద పడ్తుంటె హమీద్ సాబే ఉరికొచ్చి దించిండు.

బస్సు కదిలింది. ఇంత గాలి ఆడింది, దాంతోని ఇంత దుమ్ము. పోయింది. పోయింది అనే మాట ఆమె మాట. తీసెయ్యమన్నోళ్లకు కెమెరా అద్దం చూపిచ్చి, బొత్తం నొక్కి, గట్టిగ, అందరు వినేటట్టు, పోయింది అమ్మా, పోయింది, అంటది. ఎన్ని ఇండ్లల్ల అన్నది, గద్వాలల, అలంపురంల, వనపర్తిల, ఖిల్లా ఘణపూర్‌ల, ఆ ఒక్క మాట మీదనే కద ఆడోళ్లు కొంగు జారినా, కొప్పు ఊడినా, పొట్ట పట్టుకొని నవ్వినా భయం లేకుంట ఆమె ముంగట తిరుగుతరు. పోలేదట. ఒక్కటి సుత పోలేదట. బోర్డు తీసి లోపల దాచుకున్నది ఈ సబ్బుబిళ్ల. యా అల్లా, ఎంతమందికి అబద్ధం చెప్పినవే హుసేనా, అదీ నీకు తెల్వకుంటనే. ఈ కెమెరా ఎన్ని తీర్ల చెడ్డదో ఆమెకు తెల్సు, కొన్న కాన్నుంచి హమీద్ సాబ్ రోజుకొకటి ఎంచి చెప్పుడే కద. ఎండల అద్దం నల్లగ అయితది, ఏం పడుతున్నదో కనవడదు. దగ్గరికి పోతె లైటు కొట్టి మొహం సున్నమేసిన గోడ చేస్తది. మసక ఎలుతురుల ఇసుక జల్లినట్టు తీస్తది. పెండ్లిపిల్ల కండ్లు దయ్యం కండ్ల లెక్క ఎర్రగ చేసి పెడ్తది. బ్యాటరీలు పల్లీల లెక్క నములుతది. గివన్ని ఒప్పుకున్నది. ఉన్నదాన్ని లేదని చూపిచ్చే గుణం ఒకటి ఉన్నదని మాత్రం ఆయనకు కూడ తెల్వకపాయె.

మరి మంచిగుణం లేదా అంటె ఉన్నది, దాని మంచిగుణం కూడ గదే, ఆడనే ఆమె మనసు తిరుగుడుపడ్తున్నది పొద్దుటి సంది. రీలు కాలంల ఆడోళ్ల అర్రలకు హమీద్ సాబ్ పోరాదని ఆమెకు కెమెరా పట్టుడు నేర్పిచ్చిండు, ఉత్త కెమెరా చేతికిచ్చి ఇంట్ల కోళ్లను తియ్యమనెటోడు. నేర్చుకున్నది. పోతె ఆడోళ్లు ఏమడిగేటోళ్లు? ఎవరు కడుగుతరు ఈ రీలు, అని. తీసేది ఆడమనిషే గని కడిగేది? ఏ లాబుల ఏ మొగోని చేతుల పడ్తయి మా మొహాలు? అట్లేం కాదమ్మా అని చెప్పుకొచ్చేది. అయింది. ఊరి పేరెందుకులే, ఒక లాబోడు ఒక పెండ్లిపిల్ల ఫోటో మంచిగొచ్చిందని పెద్దగ చేసి దుకాణం అద్దంల పెట్టుకున్నడు. ఆ పిల్ల అన్న బస్సుల పోతుంటె చూసిండు. ఇగ చూడు. హమీద్ సాబ్ ఉరికి పోయి, కాళ్లవేళ్ల పడి, ఆ ఫోటో దించి అందరి ముంగట కాలవెట్టిండు, అయినా మల్ల రెండు పెండ్లిళ్ల కాలాలు ఏ ఇల్లూ ఆమెను పిలువలేదు. అటెన్క ఇది వచ్చింది. ఆయనే పట్నం పోయి అబిడ్స్‌ల కొనుక్కొచ్చిండు, ముక్కు చిట్లిచ్చుకుంట. రీలు లేదు, కడుగుడు లేదు, ఎవ్వరి చేతుల పడుడు లేదు. పెండ్లి అయినంక ఆడోళ్లందరు అన్నాలు తిన్న దస్తర్‌ఖాన్ గుడ్డ ఎత్తేసిన చాప మీదనే గుండ్రంగ కూసుంటరు, కెమెరా నడుమ పెట్టుకొని ఒక్కటొక్కటి చూస్తరు. ఇది ఉండనీ, ఇది తీసెయ్, అయ్యో ఈ ఫోటోల నా పండ్లు చూడు తీసెయ్ తీసెయ్. నవ్వులే నవ్వులు. పెండ్లి కన్న ఆ గంట మంచిగుంటదని ఆడోళ్లు వేరే ఊర్లకు పోయి చెప్పుకున్నరు. హుసేన్‌బీ వస్తెనే ఫోటోలు, లేకుంటె వద్దు అన్న ఇండ్లున్నయి. ఇప్పుడు ఉవైస్ ఆ ఫోటో బయటికి తీస్తె, పొద్దుగూకే లోపల వనపర్తి ఆడోళ్లందరికి తెలుస్తది, తీసేసినయి తిరిగొస్తయట అని. ఇగ ఎవ్వరు పిలుస్తరు? పిలువకపోతె పోయె, మోకాళ్లకన్న సుఖం. గది కాదు అసలు సంగతి. సంగతి రసూల్‌బీ.

రసూల్‌బీ ఫోటో దిగదు. జన్మల దిగలేదు. ఓటు కార్డుకు ఫోటో కావాలంటె నాకు ఓటే వద్దన్నది, రేషన్ కార్డు ఫోటో దిగేనాడు కడుపునొప్పని దుప్పటి కప్పుకొని పండుకున్నది. మన మతంల ఫోటో వద్దన్నరు అంటది ఒకసారి, ఇంకోసారి అడిగితె, "నేను పోయినంక నన్ను గోడకు తగిలిస్తరు, దుమ్ము తుడువనీకె మీకు తీరికుండదు, నా ముక్కు మీద బల్లి పాకుతది, నాకెందుకు గా మర్యాద?" అంటది. పెండ్లిల ఆమెను పట్టుడు హుసేన్‌బీ తరం కాలేదు. మనుమరాలి పక్క విడువదు, కెమెరా లేస్తె మాత్రం తప్పుకుంటది. తల్లి లేక కాదు, తల్లి ఉండంగనే ఆ పిల్లను పెంచింది ఆమెనే, పసుపు పెట్టేటప్పుడు, మెహందీ పెట్టేటప్పుడు, లడ్డు తినిపిచ్చేటప్పుడు పక్కన ఆమె ఉండాలె. హుసేన్‌బీ నొక్కుతది, కెమెరా ఆలోచన చేస్తది, ఆలోపల ముసలామె పక్కకు జరుగుతది. జరిగినంక చూస్తె పెండ్లిపిల్ల ఒక్కతే. అయితె గియితె ముసలామె చెయ్యొకటి మిగిలేది. చాప మీద అందరు కూసొని చూసేటప్పుడు రసూల్‌బీ కండ్లద్దాలు తెప్పిచ్చుకొని మరీ చూసింది, జడ్జి సాబ్ లెక్క. "గీ చెయ్యెవరిది? నాదేనా?" అన్నది. నీదే దాదీ, తీసెయ్యాల్నా, అన్నరు పిల్లలు. "చెయ్యికేంది, ఉండనీ" అన్నది. అందరు నవ్విండ్రు.

ఎర్రవల్లి చౌరస్తాల బస్సు ఆగింది. జనం ఎక్కుతున్నరు, సందుగలు, సంచులు, కోడి ఒకటి. ఒక పెద్దమనిషి ఆడామె, పిల్లను సంకలేసుకొని వచ్చి, జర జరుగు అక్కా, అని హుసేన్‌బీ పక్కన కూసున్నది. పిల్ల రెండు పిలకల పిల్ల, కిటికీ కావాలని అప్పుడే సతాయిస్తున్నది. కండక్టరు వస్తె, పెబ్బేరు ఒకటి, అన్నది ఆమె. హుసేన్‌బీ సంచి ఇంకింత దగ్గరికి గుంజుకున్నది. ఎందుకో కెమెరా బయటికి తీసింది. ఆదివారం సంది దీంతోని ఒక్కటి కూడ తీయలేదు, కార్డుల జాగ కొంచెమే ఉన్నది, పెండ్లి ఫోటోలు ఇంక ఉవైస్ కంప్యూటర్ల ఎక్కియ్యలేదు, అన్ని దీంట్లనే ఉన్నయి, తీసేసినయి ఖాళీ చేసిన జాగ గంతే. ఆ కొంచెం జాగల రసూల్‌బీ కూసొని ఉన్నది, బోర్డు లేకుంట. అద్దం మీద ఎంత వెతికినా కనవడదు, ఫరా కార్ల కూసున్నది ఒకటి, దానికి ముందుది తల మీద ఖురాన్ పట్టంగ దాని కింద నడుస్తున్నది ఒకటి, నడుమ ఏం లేదు. నడుమ ఉండేదే ఆమెది.

ఆ ఫోటో హుసేన్‌బీ కండ్లల్ల ఉన్నది ఇప్పుడు కూడ. రసూల్‌బీ రెండు చేతులతోని ఫరా మొహం పట్టుకున్నది. హుసేన్‌బీ మెల్లగ దగ్గరికి పోయి నొక్కింది. ఇద్దరు ఏడుస్తున్నరు, మంచి ఫోటో, అనుకున్నది. కెమెరా ఆలోచన చేసింది. ఆ జరసేపట్ల ఫరా ఏమో చెవుల చెప్పింది, ముసలామెకు నవ్వొచ్చింది, నవ్వుకుంట తల తిప్పి సీదా కెమెరాలకే చూసింది, గప్పుడు తీసింది అది. కండ్లల్ల నీళ్లు, నోట్లె పండ్లు లేని నవ్వు. ఈసారి తప్పుకునేటందుకు ఆమెకు చేతులు ఖాళీ లేవాయె. కార్లు పోయినంక రసూల్‌బీ తానే పిలిచింది, చాప మీదికి కాదు, లోపలి అర్రలకు. "సూపియ్యి" అన్నది. చూపిచ్చింది. చాలసేపు చూసింది ముసలామె, అద్దం మీద వేలు పెట్టి, వేలు తీసి. "గిది నేనేనా?" అన్నది. నువ్వే దాదీమా. "కాదు. మా అమ్మ. మా అమ్మ గిట్లనే నవ్వేది. నేను ఇంతున్నప్పుడే పోయింది, మొహం మర్చిపోయిన అనుకున్న ఇన్నేండ్లు. ఇగో, ఈడున్నది సూడు." అట్లనే ఇంకింత సేపు చూసింది. ఉంచుకోనీ దాదీమా, ఫరాకు ఇస్త, అన్నది హుసేన్‌బీ. ముసలామె కెమెరా తిరిగి చేతుల పెట్టింది. "చూసిన, సాలు. ఇగ తీసెయ్." తీసేసింది. పోయింది, అన్నది. ముసలామె నమ్మింది, హుసేన్‌బీ మాట మీద అందరు నమ్మినట్టే, నమ్మి పండుకున్నది, మల్ల మూడో పొద్దు లేవలేదు.

ఏం చెయ్యాలె? వనపర్తిల దిగంగనే ఉవైస్ నిలవడి ఉంటడు. కార్డు చేతిల పెడితె అయిపోతది. ఫరాకు దాదీ దొరుకుతది. తన అమ్మ మొహం దొరికిందని ముసలామె ఎంత సంబురపడ్డది, ఆ సంబురం మనుమరాలికి ఎందుకు వద్దంటది? వద్దన్నది గద. ఎందుకన్నదో ఆమెకే తెల్సు, అడగనీకె ఇప్పుడు లేకపాయె. బతికున్నోళ్లకు మాట తప్పితె పోయి కాళ్లు పట్టుకోవచ్చు, ఎట్లనో ఒకట్ల తిట్టిచ్చుకొని బయటవడొచ్చు. పోయినోళ్ల తాన ఏం చేస్తవు? పొద్దున చెప్పులేసుకుంటుంటె హమీద్ సాబ్ గడపల నిలవడ్డడు. సబ్బుబిళ్లను తిట్టనీకె ఇంత మంచి మోఖా దొరికింది, తిట్టలేదు. "నా రీలుల పడ్డది పడ్డట్టు ఉండేది. మంచో చెడ్డో, వద్దంటె కత్తిరిచ్చి కాల్చెటోళ్లం, బూడిద చేతిల పెట్టెటోళ్లం. దీంట్ల బూడిద కూడ లేదు హుసేనా" అన్నడు. ఆమె సంచి అందిచ్చి, "ఏం చేస్తవు?" అన్నడు. తెల్వదన్నది. బస్సులు ఖాళీ ఉండవు జల్దీ పో అన్నడు.

బీచుపల్లి వంతెన మీదికి బస్సు ఎక్కింది. కృష్ణల నీళ్లు సగమే ఉన్నయి, రాళ్లు తేలినయి, రాళ్ల నడుమ ఎవరో బట్టలు ఆరేసిండ్రు. చల్లగాలి ఒక్క తెరొచ్చింది. పిల్ల లేచి నిలవడి కిటికీ పట్టుకున్నది. పక్కనామె అప్పటి సంది హుసేన్‌బీ చేతులనే చూస్తున్నది. "ఏందక్కా అది, ఫోటోలు దించేదా?" అన్నది. ఆఁ అన్నది హుసేన్‌బీ. "గంత చిన్నగున్నది! పిల్లను ఒకటి దించరాదక్కా? నా పేరు భీమమ్మ, ఇది నా మనుమరాలు రేణుక. దీని తల్లి పూనల మట్టిపనికి పోయింది. పోయేటప్పుడు ఇది దోగాడేది. ఇప్పుడు సూడు, నన్నే తిడ్తది. మా ఊరాయన పూనకు పోతుండు, ఆయన చేత పంపుత." హుసేన్‌బీ కెమెరాను గుప్పిట్ల పట్టుకున్నది. బ్యాటరీలు అయిపోయినయి అమ్మా, అన్నది. ఫోటో తీసేటోళ్లందరు చెప్పే మాటనే, నోట్లె ఎప్పుడూ తయారుగ ఉండే మాట. ఎర్ర దీపం వెలుగుతనే ఉన్నది చేతిల. భీమమ్మ ఆ దీపం చూసింది, హుసేన్‌బీ మొహం చూసింది. "సరేలే అక్కా" అన్నది. అని పిల్ల పిలకలు సవరిచ్చుకుంట కూసున్నది, కోపమన్నా చెయ్యలేదు. కాదనిపిచ్చుకునుడు అలవాటైనోళ్లు అనేతీరుగనే అన్నది ఆ సరేలే, అది వచ్చి హుసేన్‌బీ రొమ్ములకు గుచ్చుకున్నది.

వంతెన దాటింది. నీళ్లు ఎన్కకు పోయినయి, మల్ల ఎండ, మల్ల దుమ్ము, కొత్తగేసిన డాంబరు వాసన. అడగని మొహాన్ని బయటికి తియ్యనీకె పోతున్న, అడిగిన మొహానికి లేదంటున్న, ఇదేం పని, అనుకున్నది హుసేన్‌బీ, ఇదేం పని నాది. ఫరా గొంతు చెవుల్ల మోగుతున్నది, అదొక్కటే ఖాలా, అదొక్కటే. పిల్ల ఏడుపు అబద్ధమా? కాదు. ముసలామె మాట అబద్ధమా? అదీ కాదు. తలకాయ నొస్తున్నది. పొద్దున చాయ్ కూడ తాగలేదు, పాలు పొంగిపాయె. పెబ్బేరు ఎంతదూరం అంటె ఎంత, గా మలుపు తిరుగుతె తాడిచెట్లు కనవడ్తయి, భీమమ్మ అప్పుడే సంచి సదురుకుంటున్నది. ఆలోచన చేసి చేసి అలిసిపోయింది ఆమె, ఇగ ఆలోచన రాలేదు. చెయ్యి లేచింది అంతే. "రేణుకా, ఇగో ఇటు సూడు బిడ్డా" అన్నది. నొక్కింది. కెమెరా గుర్రుమన్నది, ఆలోచన చేసింది, పిల్ల ఠక్కున అవ్వ దిక్కు తిరిగింది, ఏమైందో అని భీమమ్మ వంగి చూసింది, గప్పుడు తీసింది.

తీసి చూపిచ్చింది. పిల్ల చెంపకు చెంప ఆనిచ్చి భీమమ్మ, నోరు తెరుచుకొని. "అయ్యో, నేను సుత పడ్డనా!" అని కొంగు మొహం మీదికి గుంజుకున్నది భీమమ్మ, ఫోటోల మొహం మీదికి గుంజుకున్నట్టే. తీసెయ్యాల్నా అమ్మా, అన్నది హుసేన్‌బీ, అలవాటు కద. భీమమ్మ కొంగు తీసి మల్ల చూసింది. "వద్దు. ఉండనీ. నా బిడ్డ నన్ను కూడ సూసుకుంటది" అన్నది. గద్వాలల కడిగిచ్చి, కాదు, ఇప్పుడు కడుగుడెక్కడిది, అచ్చు తీపిచ్చి నువ్వెక్కిన ఎర్రవల్లి చౌరస్తాల చాయ్ హోటల్ల ఇచ్చిపోత, నీ పేరు చెప్పి తీసుకో, అన్నది హుసేన్‌బీ. పెబ్బేరుల దిగి, బస్సు కదిలేదాంక నిలవడి, పిల్ల చెయ్యి పట్టి ఊపిచ్చింది భీమమ్మ. అటెన్క హుసేన్‌బీ ఆగలేదు. కండ్లల్ల నీళ్లు కారుతుంటె తుడుచుకోకుంట, ఖాళీ సీటును తీసింది, కిటికీ చువ్వలను తీసింది, గొర్ల మందను, పొలంల ఆరబోసిన మిరపకాయలను, తన కాళ్లనూ చెప్పులనూ తీసింది. మాఫ్ చెయ్యి ఫరా, అన్నది ఒకసారి. పో దాదీమా, ఇగ పో, అన్నది ఇంకోసారి. అద్దం మీద ఏదో ఇంగ్లీషుల రాసొచ్చి మిణుకుమిణుకుమన్నది, నొక్కితె ఇగ గుర్రుమనలేదు. చదవరాకున్నా ఆ మిణుకుడు ఆమెకు తెల్సు. జాగ నిండింది. కొత్తోళ్లు దిగిండ్రు. ఇగనుంచి ఎవరు తీసెయ్యమన్నా తీసేసి, వాళ్లింటి గోడనో గంపనో నిండేదాంక తీసి, గప్పుడే పోయిందనాలె, అనుకున్నది. ఆమె బుర్ఖా కొసతోని మొహం తుడుచుకొని, కెమెరా కూడ తుడిచి సంచిల పెట్టింది.

వనపర్తిల ఉవైస్ బండి మీద కాలు ఆనిచ్చి నిలవడ్డడు. కార్డియ్యుండ్రి ఖాలా, అని చెయ్యి చాచిండు. పెండ్లి ఫోటోలు తర్వాత ఎక్కిద్దువు, ఆ ఫోటో ఇగ రాదు బిడ్డా, నేను వేరేవి తీసిన, అన్నది. ఉవైస్ మొహం మాడిపోయింది. చదువుకున్న పిలగాడు, పెద్దామెను ఒక్క మాట అనలేదు, ఇంటిదాంక ఎన్క కూసోవెట్టుకొని తోలుకపోయిండు. ఇంట్ల చాప నిండ ఆడోళ్లు కూసొని చదువుతున్నరు. ఆదివారం నవ్విన చాపనే. ఫరా లేచొచ్చి ఆమె చెయ్యి పట్టుకొని లోపలి అర్రలకు తీసుకపోయింది, గా అర్రనే, ముసలామె చూసిన అర్ర. "ఉన్నదా ఖాలా?" అన్నది. లేదు బిడ్డా. దాదీ తీసెయ్యమన్నది, తీసేసిన. ఇంత చెప్పి ఊకుండొచ్చు. ఊకుండలేదు హుసేన్‌బీ, ఉవైస్ ఎట్లన్నా చెప్తడని కాదు, ముసలామె అర్రల అబద్ధం చెప్పబుద్ధి కాక, బస్సుల సంగతంత చెప్పింది. ఫరా వింటున్నంతసేపు నేల చూసింది. ఎందుకు ఖాలా, అన్నది చివరికి, అంతే. హుసేన్‌బీ కూసున్నతాన్నే సంచి దగ్గరికి గుంజుకున్నది. పిల్ల ఇగ తన మొహం చూడదు అనుకున్నది. అనుకొని లేవబోతె మోకాలు పట్టింది.

ఫరా సంచిలకెళ్లి కెమెరా తీసుకున్నది. మొదటి నుంచి ఒక్కటొక్కటి నొక్కుకుంట పోతున్నది, మొహంల ఏం లేదు, వేలు ఒక్కటే కదులుతున్నది. ఒకతాన ఆగింది. పసుపు పూసుకొని తానొక్కతే కూసున్న ఫోటో. భుజం మీద చెయ్యి. చిటికెన వేలు వంకర, రొట్టెల పెనం కాలిన మచ్చ. తరువాతిది నొక్కింది. గదవ కింద లడ్డుతోని చెయ్యి. తరువాతిది. జారిన ఓణీ సవరిస్తున్న చెయ్యి, మనిషి లేదు, చెయ్యి. మెహందీ పెడుతుంటె ముంగురులు ఎన్కకు దువ్వుతున్న చెయ్యి. ఎన్నింట్ల ఉన్నదో, కెమెరా ఆలోచన చేసిన ప్రతిసారి తప్పుకోలేక మిగిలిన చెయ్యి. "ఇవి?" అన్నది ఫరా, "ఇవి తీసెయ్యమనలేదా దాదీ?" లేదు బిడ్డా, అన్నది హుసేన్‌బీ. కండ్లద్దాలు పెట్టుకొని చూసింది. చెయ్యికేంది, ఉండనీ, అన్నది. ఫరా తన చెయ్యి తీసుకపోయి తన భుజం మీద, ఫోటోల చెయ్యి ఉన్నతాన పెట్టుకున్నది, ఇంకో చేత్తోని మల్ల ఎన్కకు పోయి మొదటి దాని నుంచి చూసుడు మొదలుపెట్టింది. కెమెరా మీద బ్యాటరీ దీపం ఎర్రగ మిణుకుమన్నది. హుసేన్‌బీ సంచిలకెళ్లి కొత్త బ్యాటరీలు తీసి చేతుల పట్టుకొని పక్కన కూసున్నది.